కెమెరా దుకాణం లేని దీవికి పెట్టె సర్దడం

సౌత్ జార్జియా దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో, ఫాక్‌లాండ్ దీవులకు తూర్పు ఆగ్నేయంగా దాదాపు 1,400 కిలోమీటర్ల దూరంలో ఉంది. బ్రిటన్ పాలనలోని ఈ దీవి పొడవు సుమారు 165 కిలోమీటర్లు. సగానికి పైగా నేల ఏడాది పొడవునా మంచు కిందే ఉంటుంది. మౌంట్ పేజెట్ శిఖరం 2,900 మీటర్లు దాటుతుంది. విమానాశ్రయం లేదు, హోటల్ లేదు, స్థిరంగా కాపురం ఉండేవాళ్లు లేరు. పాత తిమింగలాల వేట కేంద్రమైన గ్రిట్వికెన్ దగ్గర కింగ్ ఎడ్వర్డ్ పాయింట్‌లో కొద్దిమంది అధికారులు, శాస్త్రవేత్తలు వంతులవారీగా ఉంటారు. వన్యప్రాణుల ఫొటోల కోసం వెళ్లేవారు ఓడలోనే తిని, ఓడలోనే పడుకుని, రోజుకు ఒకటి రెండు సార్లు జోడియాక్ అనే రబ్బరు పడవలో ఒడ్డుకు వెళ్లి వస్తారు.

హైదరాబాద్‌లో కట్టిన పెట్టె అక్కడికి చేరేలోపు చాలా చేతులు మారుతుంది. గల్ఫ్ మీదుగానో యూరప్ మీదుగానో బ్యూనస్ ఎయిర్స్, అక్కడి నుంచి దేశీయ విమానంలో అర్జెంటీనా దక్షిణపు కొసనున్న ఉష్వాయా, ఆ రేవులో ఓడ, దారిలో ఫాక్‌లాండ్ దీవుల మజిలీ, ఆ తరవాత మళ్లీ రెండు రోజులకు పైగా సముద్రం. రానూపోనూ మూడు వారాలకు అటూ ఇటూగా పడుతుంది. ఉష్వాయాలో ఓడ కదిలాక మరిచిపోయిన వస్తువు మరిచిపోయినట్టే. ఈ భయంతోనే చాలామంది కంటికి కనిపించినదల్లా పెట్టెలో కుక్కుతారు. నిజానికి ఈ యాత్రలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది తక్కువ తెచ్చుకోవడం కాదు, ఎక్కువ తెచ్చుకోవడమే. సామాను మూడు చోట్ల తూగాలి: విమానాశ్రయం కౌంటర్ దగ్గర, ఊగుతున్న పడవలోకి దిగేటప్పుడు, ఒడ్డున రెండు మూడు గంటల పాటు భుజం మీద. మూడోదే అసలు తూకం. సర్దడం అక్కడ మొదలుపెట్టి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి.

ముందు తేలవలసింది నెల. ఓడలు అక్టోబరు నుంచి మార్చి దాకా తిరుగుతాయి. అక్టోబరు, నవంబరుల్లో తీరం మీద ఇంకా మంచు ఉంటుంది. ఎలిఫెంట్ సీల్ మగవి ఆధిపత్యం కోసం కొట్టుకునే కాలం అది. డిసెంబరు, జనవరిలో ఫర్ సీల్స్ తీరాలను ఆక్రమిస్తాయి. మగవి మనుషుల మీదికీ ఉరుకుతాయి, కొన్ని చోట్ల అడుగుపెట్టడానికే వీలుండదు. ఫిబ్రవరి, మార్చిలో వాటి పిల్లలు నీటి అంచున ఆడుకుంటూ కనిపిస్తాయి. కింగ్ పెంగ్విన్ల సంతాన చక్రం ఏడాదికన్నా ఎక్కువ కాలం సాగుతుంది కాబట్టి గోధుమరంగు నూగు కప్పుకున్న వాటి పిల్లలు ఏ నెలలో వెళ్లినా ఉంటాయి. సెయింట్ ఆండ్రూస్ బే ఒక్కచోటే దాదాపు లక్షన్నర కింగ్ పెంగ్విన్ జంటలు ఉన్నాయని అంచనా. నవంబరు యాత్రకు మంచి చలువ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ తప్పనిసరి. జనవరి యాత్రకు బురద, వాన, సీల్ పెంటలను తట్టుకునే పైదుస్తులు ముఖ్యం. నెల తేలకుండా కొన్న సామానులో సగం ఓడ గదిలోనే ఉండిపోతుంది.

చలి అంకె చూస్తే అంతగా భయపెట్టదు. వేసవిలో తీరం మీద ఉష్ణోగ్రత చాలా రోజులు సున్నా నుంచి 10 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగి వెళ్లినవారికి ఆ చలి కొత్తేమీ కాదు. కొత్తది గాలి. హిమానీనదాల మీదుగా కిందికి జారే గాలి నిమిషాల్లో ఉద్ధృతమై ఒడ్డు మీది మనిషిని తోసేస్తుంది, వాన అడ్డంగా కొడుతుంది, కెరటాల తుంపర పడవలో కూర్చున్నవాళ్లను నిలువునా తడుపుతుంది. ఈ దీవిలో మనిషికీ కెమెరాకీ చలి కన్నా తడి పెద్ద శత్రువు. బట్టల ఎంపిక అంతా ఈ ఒక్క మాట మీద నడవాలి.

ఒంటికి అంటుకునే పొరగా మెరీనో ఉన్ని థర్మల్స్ రెండు జతలు చాలు. ఒకటి ఒంటి మీద, ఒకటి గదిలో ఆరుతూ. దాని మీద ఫ్లీస్ గానీ పల్చటి డౌన్ జాకెట్ గానీ. అన్నిటికీ పైన గాలినీ నీటినీ ఆపే జాకెట్, ప్యాంటు. జీన్స్, నూలు బనియన్లు ఓడలో తిరగడానికే పనికొస్తాయి. నూలు బట్ట తడిస్తే తొందరగా ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. చాలా ఓడలు దళసరి పార్కా జాకెట్ ఇస్తాయి, గమ్‌బూట్లు అరువిస్తాయి. టికెట్ కొన్నప్పుడే ఈ రెండూ అడిగి తెలుసుకుంటే పెట్టెలో మూడు నాలుగు కిలోల చోటు మిగులుతుంది. వాటర్‌ప్రూఫ్ ప్యాంటు మాత్రం సొంతం ఉండాలి. పడవ దిగేది మోకాలి లోతు నీళ్లలోకి. ప్యాంటు అంచు బూటు లోపలికి దోపుకుంటే కెరటం నేరుగా బూటులోకి దిగుతుంది. అంచు ఎప్పుడూ బూటు మీదుగా బయట ఉండాలి. అలా పట్టేంత వదులు కాళ్లున్న ప్యాంటే కొనాలి.

చేతుల విషయంలో పొదుపు పనికిరాదు. దళసరి తొడుగుతో షట్టర్ నొక్కలేరు, పల్చటి తొడుగుతో గంటసేపు నిలవలేరు. లోపల వేళ్లకు అతుక్కునే పల్చటి ఉన్ని తొడుగు, దాని మీద తాడుతో మణికట్టుకు వేలాడే వాటర్‌ప్రూఫ్ మిట్టెన్ వాడడం అక్కడికి వెళ్లేవారిలో చాలామంది పద్ధతి. లోపలి తొడుగులు రెండు మూడు జతలు తీసుకోవాలి, తడిసినవి ఆరడానికి ఒక రాత్రి చాలదు. తలకు ఉన్ని టోపీ, మెడకు బఫ్. మంకీ క్యాప్ అలవాటున్నవారు అదే తీసుకెళ్లవచ్చు. అందం మాట ఎలా ఉన్నా వ్యూఫైండర్‌కి అడ్డం రాకుండా చెవులు కాపాడటంలో దాన్ని మించింది లేదు.

సర్దడంలో ఈ దీవికి ప్రత్యేకమైన అధ్యాయం శుభ్రత. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి సీల్ వేటగాళ్ల ఓడల్లో, తరవాత తిమింగలాల వేటగాళ్ల ఓడల్లో వచ్చిన ఎలుకలు నేలమీద గూడుకట్టే పక్షులను తుడిచిపెట్టాయి. 1911లో నార్వే వేటగాళ్లు మాంసం కోసం తెచ్చి వదిలిన రెయిన్‌డీర్ అక్కడి గడ్డిని మేసేశాయి. రెయిన్‌డీర్‌ను ఏరివేశారు. ఎలుకల కోసం హెలికాప్టర్లతో అవి ఉన్న నేలంతా విషపు ఎరలు చల్లి, ఏళ్ల తరబడి గాలించి, 2018 మేలో ఎలుకలు లేని దీవిగా ప్రకటించారు. ప్రపంచంలో మరెక్కడా లేని సౌత్ జార్జియా పిపిట్ అనే చిన్న పిట్ట ఎలుకలు పోయాకే మళ్లీ విరివిగా కనిపిస్తోంది. ఇంత ఖర్చుపెట్టి కడిగిన దీవిలోకి ఒక్క గింజ కూడా రాకూడదని అధికారుల పట్టుదల. దిగేముందు ప్రతి ఒక్కరి బూట్లు, సంచులు, జేబులు, వెల్‌క్రో పట్టీలు తనిఖీ చేస్తారు.

ఈ తనిఖీ ఇంటి దగ్గరే మొదలవ్వాలి. ట్రెక్కింగ్‌కి వాడిన పాత బూట్ల అడుగున ఎండిన మట్టి ఉంటుంది, వెల్‌క్రోలో పల్లేరు ముళ్లు, గడ్డి గింజలు చిక్కుకుని ఉంటాయి, కెమెరా సంచి మూలల్లో ఏ అడవి దుమ్మో ఉంటుంది. వాక్యూమ్ క్లీనర్‌తో సంచి తిరగేసి లాగాలి. టూత్‌బ్రష్, పట్టకారు, ఒక గుండుసూది దగ్గర పెట్టుకుని వెల్‌క్రో వరుసలు శుభ్రం చేయాలి. చొక్కా జేబులు తిరగేసి దులపాలి. తెలుగువారి ప్రయాణాల్లో ఇది ఉత్త మాట కాదు: జంతికల పొట్లంలోంచి జారిన నువ్వులు, పోపు పొడి నుంచి రాలిన ఆవాలు జేబు కుట్ల మధ్య ఏళ్ల తరబడి దాక్కుంటాయి. అందుకే ఒడ్డుకు వేసుకునే పైదుస్తులను వేరుగా ఉంచి, వాటి జేబుల్లో తినేవి ఎప్పుడూ పెట్టకపోవడమే మేలు. ఫ్లీస్‌కి గింజలు అంటుకుంటాయి కాబట్టి అది లోపలి పొరగానే ఉండాలి. అన్నిటికీ పైన నున్నటి జాకెట్.

2023 అక్టోబరులో సౌత్ జార్జియా పక్కనే ఉన్న బర్డ్ ఐలాండ్‌లోని స్కువా పక్షుల్లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ బయటపడింది. తరవాత సీల్స్‌కీ పాకింది. ఈ వ్యాధి ముప్పు వల్ల ఒడ్డున కూర్చోవద్దు, మోకరిల్లవద్దు, పడుకోవద్దు, సంచి కింద పెట్టవద్దు అన్న నిబంధనలు వచ్చాయి. ఫొటోగ్రాఫర్‌కి ఇది మామూలు దెబ్బ కాదు. పెంగ్విన్ కంటి ఎత్తులో తీసిన ఫొటోకీ నిలబడి పైనుంచి తీసిన ఫొటోకీ ఎంత తేడానో ఒకసారి చూసినవారికి తెలుసు. దీనికి ఉన్న జవాబు పైకీ పక్కకీ తిరిగే స్క్రీన్ ఉన్న కెమెరా. పట్టీకి వేలాడదీసి మోకాళ్ల ఎత్తుకు దించి, స్క్రీన్ పైకి తిప్పి చూస్తూ తీయవచ్చు. కొత్త బాడీ కొనే ఉద్దేశం ఉంటే మెగాపిక్సెళ్ల కన్నా ఈ స్క్రీన్ చూసుకోవడం నయం. ట్రైపాడ్‌కి అనుమతి ఓడ బృందం చేతిలో ఉంటుంది. అనుమతి దొరికినా ప్రతిసారీ దాని కాళ్లు కడగాలి. అక్కడి వెలుతురుకి, ఇప్పటి కెమెరాలకి ట్రైపాడ్ లేకపోయినా నష్టం లేదు.

లెన్స్‌ల దగ్గర మొహమాటం వదులుకోవాలి. జంతువులకు కనీసం 5 మీటర్ల దూరం పాటించాలన్నది నియమం, కొన్నిటికి ఇంకా ఎక్కువ. కానీ పెంగ్విన్లకు ఆ నియమం తెలియదు, అవే నడిచి దగ్గరికి వస్తాయి. అందువల్ల 600 ఎంఎం ఎఫ్/4 లాంటి మూడు కిలోల లెన్స్ ఇక్కడ గర్వకారణమే తప్ప అవసరం కాదు. 100-400 లేదా 100-500 జూమ్ ఒకటి, 24-105 ఒకటి ఉంటే నూటికి తొంభై ఫొటోలు వచ్చేస్తాయి. ఓడ వెనక తేలుతూ వచ్చే ఆల్బట్రాస్‌లకు మొదటిది, లక్షల పెంగ్విన్ల వెనక హిమానీనదం కూడా పడాలంటే రెండోది. ఇంకా వెడల్పు కావాలంటే చిన్న వైడ్ లెన్స్. వీటికన్నా ముఖ్యమైనది రెండో కెమెరా బాడీ. మొదటిది పాడైతే వాడుకోవడానికి మాత్రమే కాదు. ఉప్పు తుంపర, ఇసుక ఎగిరే గాలిలో లెన్స్ మార్చడమంటే సెన్సర్‌ను చేజేతులా ఉప్పునీటికి అప్పగించడం. రెండు బాడీలకు రెండు లెన్స్‌లు ఓడలోనే బిగించి, ఒడ్డు మీద వాటిని విప్పకూడదు.

ఇప్పుడు తూకం. మిర్రర్‌లెస్ ఫుల్‌ఫ్రేమ్ బాడీలు రెండూ కలిపి 1.4 కిలోలు, పెద్ద జూమ్ 1.4, 24-105 సుమారు 0.7, వైడ్ 0.6, ఆరు బ్యాటరీలు అర కిలో, లాప్‌టాప్ 1.3, చార్జర్లు, హార్డ్ డిస్కులు కలిపి అర కిలో. మొత్తం 6.4 కిలోలు. చాలా విమానసంస్థలు చేతి సామానుకు 7 కిలోలే అనుమతిస్తాయి. మంచి కెమెరా సంచి ఖాళీగానే రెండు కిలోలు తూగుతుంది. లెక్క అక్కడే తప్పింది. దీనికి దారి సంచి మార్చడమే: కిలోలోపు బరువుండే మామూలు బ్యాక్‌ప్యాక్, లోపల స్పాంజి గదుల పెట్టె. దానికి తోడు పెద్ద జేబుల జాకెట్ వేసుకుంటే ఒక బాడీ, ఒక లెన్స్ ఒంటి మీదే ప్రయాణిస్తాయి. అర్జెంటీనా దేశీయ విమానాల్లో చెక్ఇన్ సామాను పరిమితి అంతర్జాతీయ విమానాల కన్నా బాగా తక్కువ, తరచు 15 కిలోల దగ్గర ఉంటుంది. పెట్టె బరువు ఆ టికెట్ చూసి నిర్ణయించుకోవాలి, హైదరాబాద్ టికెట్ చూసి కాదు.

ఏది ఉంచుకోవాలో తేల్చలేక సతమతమయ్యేవారు ఫ్రాంక్ హర్లీని తలుచుకోవచ్చు. అంటార్కిటికా అన్వేషకుడు షాకిల్టన్ యాత్రకు ఫొటోగ్రాఫర్‌గా వెళ్లిన హర్లీ, 1915లో ఎండ్యూరెన్స్ ఓడ మంచులో నలిగిపోయినప్పుడు నీళ్లలో మునిగిన గాజు నెగెటివ్‌లను బయటికి తీశాడు. మోయగలిగింది కొన్నే. షాకిల్టన్‌తో కలిసి కూర్చుని నూట ఇరవై దాకా ఎంచుకుని, మనసు మళ్లీ మారకుండా మిగతా సుమారు 400 పలకలను అక్కడికక్కడే పగలగొట్టాడు. ఆ తరవాత అతని చేతిలో మిగిలింది ఒక జేబు కోడాక్, మూడు ఫిల్మ్ చుట్టలు. యాత్ర గురించిన చలనచిత్రానికి జంతువుల దృశ్యాలు చాలక 1917లో అతను సౌత్ జార్జియాకే వచ్చాడు.

బ్యాటరీల మీద నియమాలు కచ్చితమైనవి. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సామానులోనే ఉండాలి, చెక్ఇన్ పెట్టెలో దొరికితే తీసేస్తారు. 100 వాట్ అవర్ల లోపు వాటికి మామూలుగా ఇబ్బంది లేదు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు దాదాపు 74 వాట్ అవర్లు, కెమెరా బ్యాటరీ అయితే పదహారుకు అటూ ఇటూ. ప్రతి బ్యాటరీ ప్లాస్టిక్ డబ్బీలో పెట్టాలి, లేదా లోహపు కొసల మీద టేపు అంటించాలి. చలిలో బ్యాటరీ తొందరగా నీరసిస్తుంది. అయిపోయిందనుకున్నది వెచ్చబడితే మళ్లీ కొంత పనిచేస్తుంది. విడి బ్యాటరీలకు చోటు లోపలి జేబు. ఓడల్లో ఎక్కువగా యూరప్ తరహా గుండ్రటి రెండు పిన్నుల సాకెట్లు ఉంటాయి. భారతదేశపు మూడు పిన్నుల ప్లగ్ దూరదు, కాబట్టి ఎడాప్టర్, దానికి తగిలించే నాలుగు పోర్టుల యూఎస్‌బీ చార్జర్ ఉంటే చాలు. ఎక్స్‌టెన్షన్ బోర్డును కొన్ని ఓడలు ఒప్పుకోవు, ముందే అడగాలి.

ఒడ్డుకు తీసుకెళ్లే సంచి మీద పెట్టే శ్రద్ధ మిగతా సామాను మీద పెట్టనక్కర్లేదు. నేల మీద పెట్టే వీల్లేదు కాబట్టి అది వీపు మీదే ఉంటుంది, వీపు మీదే తెరవాలి. అందులో ఉండవలసినవి కొద్ది: రెండు కెమెరాలు, వాటికి రెయిన్ కవర్లు, రెండు బ్యాటరీలు, ఒక కార్డు, నాలుగైదు మైక్రోఫైబర్ గుడ్డలు, విడి చేతి తొడుగులు, మంచినీళ్లు. ఇవన్నీ నోరు చుట్టి బిగించే డ్రై బ్యాగ్‌లో ఉండాలి. పడవలో ఉన్నంతసేపూ కెమెరా బయట వేలాడకూడదు, రెండు చేతులూ పడవ ఎక్కి దిగడానికి ఖాళీగా ఉండాలి. డ్రై బ్యాగ్‌ను నమ్మేముందు పరీక్ష ఒకటుంది. అందులో పాత దినపత్రిక ఒకటి మడిచి పెట్టి, మూతి చుట్టి, స్నానాల గదిలో రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించాలి. కాగితం అంచు తడిసినా ఆ బ్యాగ్ తిరిగి ఇచ్చేయాలి.

ఓడకి తిరిగొచ్చాక రెండు జాగ్రత్తలు. ఉప్పు తుంపర పడిన కెమెరాను మంచినీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి. పొడి గుడ్డతో రుద్దితే ఉప్పు రేణువులు అద్దాన్ని గీస్తాయి. రెండోది చెమ్మ. విశాఖలో ఏసీ గదిలోంచి బీచ్‌లోకి తెచ్చిన కెమెరా లెన్స్ మీద మబ్బు పట్టినట్టే, చలిలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చినప్పుడూ నీరు చేరుతుంది. సంచి మూసిన తరవాతే లోపలికి రావాలి, గంట రెండు గంటలు తెరవకూడదు. ఫొటోలు చూడాలన్న ఆత్రం ఉన్నవారు కార్డును బయటే తీసి జేబులో వేసుకోవాలి. రోజుకు రెండు వేల ఫ్రేములు, ఒక్కోటి 40 ఎంబీ అనుకుంటే 80 జీబీ. రెండు హార్డ్ డిస్కులు, రెండు వేర్వేరు సంచుల్లో. ఓడలోని ఉపగ్రహ ఇంటర్నెట్ మీదుగా ఇంత డేటా పంపగలమన్న ఆశ పెట్టుకోకూడదు.

మందుల్లో మొదటిది సముద్రపు వికారానికి. అవొమిన్ లాంటివి ఓడ ఊగడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయవు, మత్తూ తెప్పిస్తాయి. ఏది ఎప్పుడు వేసుకోవాలో బయలుదేరకముందే డాక్టరును అడగాలి. రోజువారీ మందులు అదనంగా పది రోజులకు సరిపడా ఉండాలి, వాతావరణం బాగాలేక ఓడ ఆలస్యమవడం మామూలే. శాకాహారం కావాలంటే టికెట్ కొన్నప్పుడే రాసివ్వాలి. ఇంటి పచ్చళ్లు, పొడులు అర్జెంటీనా కస్టమ్స్ దగ్గరే ఆగిపోవచ్చు. దీవిలో సందర్శకులకు ఆసుపత్రి లేదు, విమానం దిగదు. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఓడ వెనక్కి తిరగడమే గతి. అందుకే అత్యవసర తరలింపు ఖర్చు భరించే ప్రయాణ బీమా ఉండాలి. ఆ కాగితం, పాస్‌పోర్టు, వీసా ప్రతులు ఒకటి సంచిలో, ఒకటి పెట్టెలో.

సర్దడం పూర్తయ్యాక ఒక రిహార్సల్ అవసరం. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులోగానీ నేలపట్టులోగానీ పక్షులు వేలల్లో చేరే రోజున, చేతి తొడుగులు వేసుకుని, సంచి దించకుండా, స్క్రీన్ తిప్పి కిందికి పట్టి, మూడు గంటలు ఫొటోలు తీయాలి. చెమట పట్టినా ఫరవాలేదు. వేల పక్షుల గుంపులో ఏ ఒక్కదాన్ని ఫ్రేములోకి తీసుకోవాలన్నది పెంగ్విన్ల దగ్గర ఎదురయ్యే చిక్కే. ఏ బటన్ తొడుగుతో అందడం లేదో, ఏ పట్టీ భుజం కోస్తోందో, ఏ వస్తువును మూడు గంటల్లో ఒక్కసారీ తాకలేదో అక్కడే తెలుస్తుంది.

బయలుదేరే వారం ముందు పెట్టె మళ్లీ తూచినప్పుడు బరువు ఎక్కువైతే, తీసేసే వరుస ఇది: ముందు ఫ్లాష్, తరవాత ట్రైపాడ్, టెలికన్వర్టర్, వైడ్ లెన్స్, చివరికి లాప్‌టాప్. నేరుగా కార్డు నుంచి కాపీ చేసుకునే హార్డ్ డిస్కులు లాప్‌టాప్ పని చేసిపెడతాయి. డ్రై బ్యాగ్, రెండో బాడీ, రెండో జత తొడుగులు మాత్రం ఎంత బరువైనా తీయకూడదు. గ్రిట్వికెన్ మ్యూజియం దుకాణంలో పోస్టు కార్డులు, జ్ఞాపికలు అమ్ముతారు; కెమెరా సామాను అమ్మరు.